రెక్కల దేవతలు, ఎర్రటి పటాలు



పెద్దవాళ్లు కలర్ పెన్సిళ్ల డబ్బా తెరిచి బొమ్మల పుస్తకం ముందేసుకుని కూర్చోవడం ఇప్పుడు వింతేం కాదు. స్కాట్లాండ్ చిత్రకారిణి జొహానా బాస్‌ఫర్డ్ 2013లో ‘సీక్రెట్ గార్డెన్’ తెచ్చాక ఇలాంటి పుస్తకాలు దేశదేశాల్లో లక్షల్లో అమ్ముడుపోయాయి. అంతకుముందు 1961లోనే అమెరికాలో ‘ఎగ్జిక్యూటివ్ కలరింగ్ బుక్’ అని ఒకటొచ్చింది. అది ఆఫీసు దొరల మీద వెటకారం. రంగులేయడానికి కాదు, నవ్వుకోవడానికి కొన్నారు. పూలతోటల తర్వాత ఇప్పుడు దేవదూతల వంతు. జానపద శైలిలో, రెక్కల నిండా తీగలూ పిట్టలూ గీసి, రంగు మనకు వదిలేసిన పుస్తకాలు.

బొగ్గుగనుల గోదావరిఖనిలో ఉన్న మనకు ఈ బొమ్మలు కొత్తగా కనిపించొచ్చు. ఒకరు గీత గీస్తే పదిమంది రంగు నింపడం మాత్రం మనకు పాతదే. సిద్దిపేట జిల్లా చేర్యాలకు పోయి చూడండి. అక్కడ పటాలు వేసే చిత్రకారులను నకాశీలంటారు. వాళ్లు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించి నూరిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూతమీద పూత వేస్తారు. ఆరాక ఉడుత వెంట్రుకల కుంచెతో బొమ్మ కడతారు. మొదట బొమ్మల వెనకంతా ఎరుపు. తర్వాత దేవుళ్లకు నీలం, అమ్మవార్లకు పసుపు. బొగ్గు ప్రాంతం వాళ్లం కనుక నలుపు బొగ్గుదే అనుకుంటాం, కాదు, దీపపు మసిది. గీత ఇంటిపెద్దది. రంగులకు ఆడవాళ్లు, పిల్లలు అందరూ కూర్చుంటారు. దేవతకు కళ్లు పెట్టడం మాత్రం ఆఖరి పని, అది పూజ చేసి పెడతారు.

మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగుల పొడవున్న ఆ పటం గోడకు తగిలించే బొమ్మ కాదు. కథ చెప్పేవాళ్లు చేయించుకునేది. కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు, కాకిపడగల వాళ్లు ముదిరాజులకు పాండవుల కథ, డక్కలి వాళ్లు మాదిగలకు జాంబపురాణం. కథ నడిచినకొద్దీ పటం విప్పుతారు. ఆకాశంలో దేవతలు నిలబడతారు, కింద యమభటులు వస్తారు. పైనున్న దేవతలకు రెక్కలుండవు, ఆ అవసరం నకాశీకి కనబడలేదు. పటం చిరిగి పాతబడితే ఏటిలో కలిపేవారు. అందుకే చాలా పాత పటాలు మనకు మిగల్లేదు.

ఇక క్రీస్తు కథలోని రెక్కలున్న దేవదూతలు బొగ్గు దారిన వచ్చారంటే నమ్ముతారా? 1871లో జియలాజికల్ సర్వే అధికారి విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1889 నాటికి తవ్వకం మొదలైంది. బొగ్గు మోయడానికి డోర్నకల్ నుంచి ఇల్లందుకు రైలుదారి పడింది. అదే డోర్నకల్‌ను 1903లో తిరునల్వేలిలో పుట్టిన ఇండియన్ మిషనరీ సొసైటీ తన పనిచోటుగా ఎంచుకుంది. 1912లో వి.ఎస్. అజరయ్య అక్కడ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికెక్కిన మొదటి భారతీయుడు. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి చర్చికి గుమ్మటాలున్నాయి, గుడి మంటపంలాంటి రాతి స్తంభాలూ ఉన్నాయి. విలాయతు చర్చిని దింపుకోలేదు. నాకైతే అది ఇక్కడి తాపీచేతులు క్రీస్తు కథకు వేసిన రంగులా కనిపిస్తుంది.

ఆ బొగ్గు కంపెనీకి సింగరేణి కాలరీస్ అన్న పేరు 1920 డిసెంబర్ 23న వచ్చింది. ఆ రోజు సింగరేణి డే, రెండు రోజులకే క్రిస్మస్. 1960ల నుంచి రామగుండం బొగ్గు బాయిల్లోకి ఊళ్లకు ఊళ్లే వచ్చాయి. పద్మశాలి, ముదిరాజు, గొల్ల, మాదిగ, అందరూ ఒకే షిఫ్టులో మస్టర్ పడ్డారు. ఊళ్లో ఎవరి పటం వాళ్లది, ఎవరి కథ వాళ్లది. క్వార్టర్ల వరసలో పక్కింటివాళ్ల పురాణం ఏమిటో ఎవరికి తెలుసు? విదేశీ కలరింగ్ పుస్తకంలోనూ నాకు తోచే లోటు ఇలాంటిదే. అందులో దేవత ముచ్చటగానే ఉంటుంది కానీ ఎవరి దేవతో చెప్పదు. పటంలో ఊరికే నిలబడ్డ బొమ్మ ఒక్కటీ ఉండదు.

చేర్యాలలో ఇప్పుడు ఈ పని చేసే ఇళ్లు కొన్నే. ధనాలకోట కుటుంబం వాళ్లు చిన్న ఫ్రేములూ, రంపపుపొట్టుకు చింతగింజల ముద్ద కలిపి మాస్కులూ చేస్తున్నారు. పొడుగు పటం చేయించుకునే కథకులు తగ్గిపోయారు. ఆ చేతులతో పెద్దల రంగుల పుస్తకం వేయించొచ్చు కదా అంటే, ఒక చిక్కుంది. అచ్చుపుస్తకంలో నల్లగీత ముందే ఉంటుంది. శ్రీకాళహస్తి కలంకారీలోనూ అంతే, బెల్లం, ఇనుపతుక్కు ఊరబెట్టిన నలుపుతో మొదట గీస్తారు. చేర్యాలలో నల్లగీత రంగుల తర్వాతే. రంగు కాస్త పక్కకు జారినా ఆ గీత సర్దేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదే మేలు. కనుక మన పుస్తకంలో గీతలు లేతగా వేసి, నల్ల పెన్ను విడిగా ఇవ్వాలి. ఎరుపు మాత్రం ముందే అచ్చేయించాలి. లేకపోతే నలభై అడుగుల పటానికి ఎన్ని ఎర్ర పెన్సిళ్లు అరగదీయాలో మీరే లెక్కేసుకోండి.