వర్లి నుండి ఊరికి: నెమ్మది దారి

మన సరిహద్దు జిల్లాల్లో ముంబై బస్సు తెలియని ఊరు ఉండదు. పొద్దుగూకే వేళకు బస్సు ఎక్కుతాం. కిటికీ పరదా దించుకుంటాం. తెల్లవారి ఎవరో భుజం తట్టి "ఠాణా వచ్చింది, లేవండి" అంటారు. మన పెద్దవాళ్ళు నలభై, యాభై ఏళ్ళు ఈ విధంగానే పోయారు, వచ్చారు. నడుమ ఉన్న దేశం ఎట్లా ఉంటుందని వాళ్ళను అడిగి చూడండి. "చీకటి గదా, ఏం కనబడుతది?" అంటారు.

ఆ నడుమ దేశాన్ని పగటి వెలుతురులో, ఆగుతూ ఆగుతూ చూసి వచ్చిన పన్నెండు రోజుల ప్రయాణం గురించి ఈనాడు మీతో నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

దీనికంతటికీ కారణం మా మేనమామ. ఆయన వర్లిలోని బి.డి.డి. చాళ్ళలో యాభై ఏళ్ళకు పైగా ఉన్నారు. ఈ చాళ్ళను బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వారు 1920ల్లో కట్టించారు. ఆ శాఖ పేరులోని మూడు అక్షరాలే వీటి పేరు. వర్లిలో ఇటువంటి బిల్డింగులు 121. ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. పొడుగాటి వరండా, అంతస్తు మొత్తానికి కలిపి మరుగుదొడ్లు. మిల్లుల్లో పని చేసిన మన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఆ గదుల్లోనే పెళ్ళిళ్ళు చేశాయి, పిల్లలను చదివించాయి. ఇప్పుడు ఆ చాళ్ళను పడగొట్టి, వాటి చోట ఎత్తయిన భవనాలు కడుతున్నారు. 2025 ఆగస్టు 14న మొదటి విడతగా 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఇళ్ళ తాళంచెవులు ఇచ్చారు. మా మామ ఉండే బిల్డింగుకు కూడా ఖాళీ చేసే వంతు వచ్చింది. కొత్త ఇల్లు చేతికి వచ్చేదాకా ఎక్కడ ఉండాలి? కొడుకులు కిరాయి ఇంటికి రమ్మంటున్నారు. మా అత్తమ్మకేమో ఊరి మీద మనసు. మామ ఏమీ తేల్చలేదు. నాకు ఫోను చేసి ఒకే మాట అన్నారు.

"అల్లుడా, ఊరికైతే వస్త. గని రాత్రి బస్సుల రాను. తొవ్వ చూసుకుంట వస్త. కొంకణ్‌ల నా దోస్తున్నడు, వాన్ని చూసి వస్త. నువ్వొచ్చేటప్పుడు మన దిక్కు బియ్యం ఒక సంచి పట్టుకరా."

బియ్యం ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

విదేశాల్లో మోటారు బండినే ఇల్లుగా చేసుకుని, వంట, పడక అందులోనే పెట్టుకుని నెలల తరబడి తిరిగేవాళ్ళు ఉన్నారు. మన దేశంలోనూ ఈ మధ్య ఆ అలవాటు మొదలైంది. 2021లో మహారాష్ట్ర, కేరళ ప్రభుత్వాలు ఇటువంటి కారవాన్ ప్రయాణాల కోసం ప్రత్యేక విధానాలు ప్రకటించాయి. మేము అంత ఖరీదైన బండికి పోలేదు. తెలిసినవాళ్ళ పాత టెంపో ట్రావెలర్‌ను మాట్లాడుకుని, వెనుక సీట్లు విప్పించి, రెండు చెక్క మంచాలు బిగించాం. ఒక నీళ్ళ డ్రమ్ము, బొగ్గుల కుంపటి, నాలుగు గిన్నెలు, పరుపులు. అంతే మా కదిలే ఇల్లు. పండుగ సెలవులకు మరికొన్ని రోజుల సెలవు కలుపుకుని, డ్రైవరు అబ్బాయితో నేను బోధన్ నుండి వర్లికి బయలుదేరాను.

బండిలో వండుకుని తింటూ పోవడం మనకేమీ కొత్త కాదు. జాతరలకు కచ్చురం బండ్లు కట్టుకుని పోయినవాళ్ళు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. అంతకు ముందటి సంగతి చూడండి. ముంబైలో కామాఠీపురకు ఆ పేరు మన తెలంగాణ నుండి పోయి ఇళ్ళు, రోడ్లు కట్టిన కామాఠీల వల్ల వచ్చింది. వాళ్ళలో మొదటివాళ్ళు వలస పోయే నాటికి రైలు లేదు. భోర్ ఘాట్ మీద బండ్ల బాట పడ్డదే 1830లో. హైదరాబాదుకు వాడి నుండి రైలు వచ్చింది 1874లో. ఇక వాళ్ళు ఎట్లా పోయి ఉంటారు? కాలి నడకన, ఎడ్ల బండ్ల మీద, ఊరూరా ఆగుతూ. అంటే ఈ దారిని మన ముత్తాతలు మనకన్నా బాగా ఎరుగుదురు.

మొదటి రోజు వర్లి నుండి భావుచా ధక్కాకు పోయి, బండితో సహా ఓడ ఎక్కాం. 2020 నుండి అక్కడ వాహనాలను కూడా ఎక్కించుకునే ఓడ నడుస్తోంది. గంటసేపట్లో అవతలి ఒడ్డున మాండ్వాలో దించుతుంది. మామ ఓడ కటకటాలు పట్టుకుని ముంబై వైపే చూస్తూ నిలబడ్డారు. వర్లి సముద్రం ఆయన గదికి నడిచి పోయేంత దూరం. అయినా పగటి పాళీ, రాత్రి పాళీ అంటూ గడిచిన బతుకులో ఒడ్డున తీరిగ్గా కూర్చున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చునని చెప్పారు. ఊరిని బయటి నుండి చూడడం ఆయనకు అదే మొదటిసారి.

అక్కడి నుండి అలీబాగ్, మురుడ్, శ్రీవర్ధన్, హరిహరేశ్వర్, దాపోలి. రోజుకు వంద కిలోమీటర్లు కూడా పోలేదు. కొంకణ తీరంలో ప్రతి పది, ఇరవై మైళ్ళకు సముద్రం ఒక పాయగా లోపలికి చొచ్చుకు వస్తుంది. అగర్‌దండా దగ్గర, బాగ్‌మాండ్లా దగ్గర, దాభోళ్ దగ్గర బండిని బల్లకట్టు మీద ఎక్కించి దాటాలి. బల్లకట్టు అవతలి ఒడ్డున ఉంటే వచ్చేదాకా కూర్చోవాలి. మొదటి రేవులో నేను గడియారం చూసుకున్నాను. మూడో రేవు వచ్చేసరికి అందరం చేపలమ్మే ఆడవాళ్ళతో ముచ్చట్లలో పడ్డాం. మురుడ్ దగ్గర సముద్రం నడుమ ఉన్న జంజీరా కోట కనబడుతుంది. సిద్దీల ఆ కోటను శివాజీ మహారాజు కూడా గెలవలేకపోయారు. మా అత్తమ్మ కోటను ఒక చూపు చూసి, రొయ్యల బేరంలో పడ్డారు.

అయిదో రోజు గుహాగర్ దగ్గరి ఒక పల్లెకు చేరాం. ఎర్రని జాంభా రాతితో కట్టిన ఇల్లు. చుట్టూ పోక చెట్లు, కొబ్బరి చెట్లు. మామ దోస్తు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఒకే మిల్లులో పక్క పక్క సాంచాల మీద పని చేసినవాళ్ళు. 1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో ముంబై మిల్లుల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు అందులో దిగారు. పగారు లేని రోజుల్లో ఆయన "నెల రోజుల్లో వస్తా" అని ఊరికి పోయారట. మళ్ళీ రాలేదు. మామ భివండికి పోయి పవర్‌లూమ్ సాంచాలు నడిపారు.

ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మామ డ్రైవరును పిలిచి బియ్యం సంచి దింపించారు.

సంగతి ఏమిటంటే, సమ్మె రోజుల్లో వర్లి గదిలో పొయ్యి వెలగని వేళ, ఆ దోస్తు తన ఊరి నుండి ఎస్.టి. బస్సు మీద ఒక సంచి బియ్యం పంపారట. ఆ బియ్యంతో మా అత్తమ్మ ముగ్గురు పిల్లలకు నెలన్నర గంజి కాచి పోసింది. ఆ సంచి మామ తలలో నలభై ఏళ్ళకు పైగా ఉండిపోయింది.

ఆ దోస్తు మరాఠీలో నవ్వుతూ అన్నారు: "నేను పంపానా? నాకు గుర్తు లేదయ్యా!"

మామ మొహం చిన్నబోయింది. అంతలో ఆ ఇంటి ఇల్లాలు లోపలి నుండి అన్నారు: "నాకు గుర్తుంది. విత్తనాలకని దాచిన వడ్లు దంచి పంపాడు. ఆ ఏడు నేను ఎంత పోట్లాడానో ఈయనకెందుకు గుర్తుంటుంది?"

అందరం నవ్వాం. మా అత్తమ్మ మాత్రం కొంగుతో కళ్ళొత్తుకుంది.

రెండు రాత్రులు మా బండి వాళ్ళ పోక తోటలోనే ఉంది. అత్తమ్మ కుంపటి మీద సర్వపిండి చేసింది. ఆ ఇల్లాలు కోకం వేసి కొబ్బరిపాలతో సోల్‌కఢీ ఇచ్చారు. తెల్లవారుజామున చూస్తే ముసలివాళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. మిల్లు భోంగా మోగే వేళకు ఇద్దరికీ ఇప్పటికీ మెలకువ వస్తుందట. "నువ్వు అక్కడే ఉండి మంచి పని చేసినవు, పిల్లలు చదివిన్రు" అని ఆయన. "నువ్వు వచ్చేసి మంచి పని చేసినవు, నీకు చెట్లున్నయి" అని ఈయన. ఎవరిది సరైన మాటో నేను చెప్పలేను. కానీ ఆ మాటలు చెప్పుకోవడానికి ఇద్దరికీ ఇన్నేళ్ళు పట్టింది. రాత్రి బస్సు ఎక్కి ఉంటే అదీ జరిగేది కాదు.

అక్కడి నుండి రత్నగిరి. బర్మా చివరి రాజు థీబాను బ్రిటిషువాళ్ళు 1885లో గద్దె దించి, ఈ ఊళ్ళో ఉంచారు. ఆయన 1916లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన ఉన్న భవనాన్ని చూసి మామ, "రాజుకు గూడ ఊరికి పోయే బండి దొరకలే" అన్నారు.

అంబా ఘాట్ ఎక్కితే సముద్రపు గాలి ఆగిపోతుంది. కొల్హాపూర్‌లో అమ్మవారి దర్శనం చేసుకున్నాం. మిరజ్‌లో సితార్లు, తంబూరాలు చేసే దుకాణాల వీధిలో ఒక గంట గడిపాం. పండరిపురం గురించి మీకు నేను చెప్పేదేముంది? మన జిల్లాల నుండి నడిచి పోయేవాళ్ళు మీ ఇళ్ళలోనే ఉంటారు.

పదో రోజు షోలాపూర్. నగరం తూర్పు భాగంలోకి పోగానే మామ గొంతు పెరిగింది. టీ కొట్టులో తెలుగు, బీడీలు చుట్టే ఆడవాళ్ళ నోట తెలుగు. షోలాపూర్ దుప్పట్లకు దేశమంతటా పేరుంది. ఆ మగ్గాల వెనుక ఉన్నది మన చేతులు. రాఖీ పున్నమికి ఇక్కడ మార్కండేయ స్వామి రథం తీస్తారు. ఆడమ్ మాస్టర్‌గా పేరుపడిన నర్సయ్య ఆడమ్ ఇక్కడి నుండి శాసనసభకు ఎన్నికైన తెలుగువారే. ఆయన పట్టుదలతో అసంఘటిత కార్మికుల కోసం కుంభారి దగ్గర రేనగర్ అనే 30,000 ఇళ్ళ కాలనీ తలపెట్టారు. అందులో మొదటి 15,000 ఇళ్ళను 2024 జనవరిలో అప్పగించారు. మామ ఆ ఇళ్ళ వరుసలు చూస్తూ, "సర్కారు మా చాళ్ళను పడగొట్టేది గూడ ఇట్లనే సక్కగ అందరికి ఇస్తే మంచిదే" అన్నారు.

నేను రెండు భాషలతో బతికేవాడిని గనుక ఒక సంగతి గమనించాను. వర్లి తెలుగులో, షోలాపూర్ తెలుగులో, మన ఊరి తెలుగులో పగారు, ఖోలీ, పాళీ వంటి మాటలు ఒక్కటే. వాటిని పుస్తకాలు తేలేదు. మూటలు నెత్తిన పెట్టుకుని ఈ దారిలో తిరిగిన మనుషులు తెచ్చారు. పిల్లలు బడిలో అటువంటి మాట అంటే "అది తెలుగు కాదు" అని నేనే ఎన్నోసార్లు కొట్టివేశాను. ఇక మీదట ఆ పని చేయను.

తుల్జాపూర్, లాతూర్, ఉద్గిర్, దెగ్లూర్ మీదుగా పన్నెండో రోజు మద్నూర్ దాటి మన గడ్డ మీదికి వచ్చాం. ఊళ్ళో మామ ఇంటి వెనుక గోడ కూలి ఉంది. ఆయన ఇంటి ముందే బండి నిలిపించి, మూడు రాత్రులు అందులోనే పడుకున్నారు. నాలుగో రోజు మేస్త్రీని పిలిచి గోడకు బేరం చేశారు. అత్తమ్మ ఇక్కడే ఉంటుందట. వర్లిలో ఇల్లు చేతికి వచ్చాక తాను పోయి వస్తుంటారట. "గని రాత్రి బస్సుల మాత్రం పోను" అన్నారు.

శ్రోతలారా, మీ ఇంట్లోనూ ముంబైలో పని చేసి వచ్చిన పెద్దవాళ్ళు ఉంటారు. చేతనైతే ఒక్కసారి వాళ్ళను ఈ దారి వెంట పగటి పూట తీసుకుపోండి. వానలు పోయాక, కార్తీకం నుండి మాఘం దాకా మంచి కాలం. రెండు మూడు కుటుంబాలు కలిస్తే డీజిలు భారం కాదు. బల్లకట్టు వేళలు ముందు రోజే అడిగి తెలుసుకోండి. కుంపటి ఎప్పుడూ బండి బయటే వెలిగించండి. చీకటి పడకముందే ఏ గుడి దగ్గరో, తెలిసినవాళ్ళ వాకిట్లోనో అడిగి ఆగండి. మందుల చీటీలు మరచిపోకండి. అంత దూరం పోలేకపోతే షోలాపూర్ దాకా అయినా సరే.

బయలుదేరే ముందు మాత్రం ఒక మాట అడగండి. దారిలో వాళ్ళు చూడవలసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో, ఇవ్వవలసిన బియ్యం సంచి ఏదైనా మిగిలిందేమో కనుక్కోండి.