లేటెక్సు పరుపు పరీక్ష

దూది పరుపు కుట్టించునపుడు మనము దూదిని వ్రేళ్ల నడుమ పింజించి, గింజ యున్నదేమో చూతుము. లేటెక్సు పరుపు కొనునపుడు మాత్రము పైగుడ్డ నిగనిగలు చూచి సొమ్ము చెల్లింతుము. ఇది నాకు వింతగా తోచుచున్నది.

లేటెక్సనగా రబ్బరుచెట్టు పాలు. వానిని గంధకాదులతో కలిపి, నురుగెత్తించి, అచ్చున బోసి, ఆవిరిపై ఉడికింతురు. 1929లో డన్‌లప్ సంస్థయందు కనిపెట్టిన పద్ధతి యిది. అంగళ్లలో ఈ పేరనే, పెట్రోలియము నుండి పుట్టిన కృత్రిమ రబ్బరు కలిపినదియు, చౌక పాలియురెథేను నురుగుపై పలుచని లేటెక్సు పొర పరచినదియు వచ్చుచున్నవి.

కావున గలీబు జిప్పు తీయించి, అంచున పొరలు చూడుడు. మూల పట్టి యెత్తుడు. మేలి లేటెక్సు ఘనమీటరునకు 60 కిలోలకు తక్కువ తూగుట అరుదు. చౌక నురుగు సాధారణముగా అందులో సగమే. అదిమి విడిచినంతనే పైకి లేవవలెను. అందలి రంధ్రముల వరుసలు అచ్చుసూదుల గుర్తులే గాని లోపములు కావు. సహజ రబ్బరు నూటికెన్ని పాళ్లో బిల్లుపై వ్రాయించుకొనుడు. వర్తకుడు జంకినచో లేచి రండు.

మరియొక మాట. నేనెరిగిన యొక వృద్ధుడు నడుమునొప్పికని, ధాన్యమమ్మిన సొమ్ము పోసి మంచి పరుపే కొనెను. దూది పరుపువలె ఏటేటా ఎండబెట్టగా అది పెళుసై పొడి రాలినది. ఎండ తగిలిన రబ్బరు చెడును. నీడపట్టున గాలికి ఆరవేయుడు.