ఉత్తరం రాదు, మనమే పోవాలె

పోయిన ఆదివారం మీటింగ్‌ల నేను మాట్లాడింది రాసి పెట్టుమని చాలామంది అడిగిన్రు. పదో తరగతి చదివినోన్ని, తప్పులుంటే సర్దుకోండ్రి.

నేను ఇక్కడ బిల్డింగ్ సైట్ల సూపర్‌వైజర్‌ను. మా ఇంటామెకు ఇండియాల ఉన్నప్పుడే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయినయి. తర్వాత ఆమె, పిల్లగాడు నా దగ్గరికి వచ్చిన్రు. ఫైలు హైదరాబాద్‌లనే ఉండిపోయింది. నయమైంది గదా అనుకున్నం. పద్దెనిమిది నెలలు ఒక్క పరీక్ష చేయించలే.

ఎందుకంటే, జర్మనీల ఏ పనికైనా ఇంటికి ఉత్తరం వస్తది. మామోగ్రఫీకి కూడా పిలుస్తరని ఎవరో చెప్పిన్రు. ఆ ఉత్తరం కోసం చూసుకుంట కూసున్నం. కానీ ఆ పిలుపు 50 ఏండ్లు నిండినోళ్లకే. ఆ పరీక్ష ముందు 69 దాకా ఉండె, 2024 జూలై నుంచి 75 దాకా పెంచిన్రు. అది కూడా ఈ జబ్బు లేనోళ్ల కోసం, రెండేండ్లకోసారి. మా ఆమెకు 42. క్యాన్సర్ అయి బాగైనోళ్ల చెకప్ వేరే, దాన్ని నాఖ్‌జోర్గె అంటరు. దానికి మనమే టెర్మిన్ తీసుకోవాలె.

ఆఖరికి టెర్మిన్ దొరికింది. ఆ రోజు సైట్ల స్లాబ్ ఉండె. సెలవు అడగనీకి నాకు మొఖం చెల్లలే. ఆమెకు జర్మన్ రాదు, పదకొండేండ్ల కొడుకును తోడు పంపిన. డాక్టరమ్మ ఏమన్న ఇబ్బంది ఉందా అని అడిగిందట. "ఏం లేదని చెప్పు బిడ్డా" అన్నదట మా ఆమె. కొడుకు ముందల జాకెట్ విప్పలేక, ముట్టి చూస్తనంటే కూడా వద్దన్నదట. చంకల చిన్న గడ్డ తగులుతున్నదని ఆమెకు అప్పటికే తెలుసు. ఆ మాట కొడుకు నోట ఎట్ల చెప్పిస్తది? వాడు పండుకున్నంక నాకు చెప్పి ఏడ్చింది.

మళ్లా పోయినప్పుడు నేను సెలవు పెట్టిన. నర్సు పని చేసే మన తెలుగు చెల్లె ఒకామె లోపలికి తోడు పోయింది. పరీక్షలు అయినయి. అది పాత కుట్టు దగ్గర గట్టిపడ్డ కండ అని తేలింది. బతికినం. కానీ రిజల్టు వచ్చేదాకా నాకు అన్నం లోపలికి పోలే.

అందుకే చెప్తున్న, గుర్తు పెట్టుకోండ్రి:

ఇక్కడి పద్ధతిల మొదటి మూడేండ్లు మూడు నెలలకోసారి, నాలుగు, ఐదో ఏండ్లు ఆర్నెల్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి డాక్టర్‌కు చూపించాలె. మామోగ్రఫీ ఏడాదికోసారి. ప్రభుత్వ పద్ధతి క్రాంకెన్‌కాస్సె ఉంటే ఖర్చు అదే భరిస్తది. భార్యకు సంపాదన లేకుంటే మన ఇన్సూరెన్స్‌లనే చేర్పించొచ్చు.

ఒళ్లంతా స్కాన్ తీయలేదని డాక్టర్‌ను అనుమానించకుండ్రి. ఏ బాధా లేకుంటే ఇక్కడ తీయరు. ఎముకల నొప్పి, ఆయాసం, కొత్త గడ్డ ఉంటే మాత్రం దాచొద్దు.

ఆడోళ్ల డాక్టర్ దగ్గరికి చీటీ అక్కర్లేదు. టెర్మిన్ దొరకకుంటే 116117కు ఫోన్ చేయుండ్రి. ఇండియా రిపోర్టులు ఫోటోలు తెప్పించుకోండ్రి.

జబ్బు సంగతి డాక్టర్ మన మేస్త్రీకి, కంపెనీకి చెప్పొద్దు, అది చట్టం. పని పోతదని భయపడకుండ్రి. పిల్లలతోని మాత్రం తర్జుమా చేయించకుండ్రి. గ్రూప్‌ల అడుగుండ్రి, ఎవరో ఒక అక్క వస్తది.

ఇంటోళ్లు ఊర్లనే ఉన్నోళ్లు ఈ రాత్రి ఫోన్‌ల డబ్బుల లెక్క తర్వాత ఒక్క మాట అడుగుండ్రి: ఆఖరుసారి ఎప్పుడు చూపించుకున్నవ్? కూలి పోతదని ఆగితే ఆ కూలి, బస్సు కిరాయి మీరు పంపుండ్రి.

మన సైట్ల క్రేన్ నిన్న బాగనే ఎత్తింది గదా అని ఏడాది చెకింగ్ ఆపుతమా? ఆపం. ఇంటి మనిషికి ఆపుతున్నం. నా కింద పనిచేసే తమ్ముళ్లు దీనికి సెలవు కావాలంటే ఒక్క మాట చెప్పుండ్రి. కారణం అడగను.