తోలుకు చెట్టు ఇచ్చే రంగు



తంగేడు లేకుండా బతుకమ్మను పేరిస్తే మన ఆడబిడ్డలకు మనసొప్పదు. 2014లో ఆ పువ్వును తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. పువ్వుకు దక్కిన మర్యాద, అదే చెట్టు చెక్కతో, అంటే బెరడుతో, తరతరాలుగా తోళ్లు పదును చేసిన మాదిగల పనితనానికి మాత్రం దక్కలేదు. మోట తొండం, చెప్పులు, ఎద్దుల మెడపట్టీలు, అన్నీ వాళ్ల చేతిలో తయారైనవే. వ్యవసాయం వాళ్ల మీద నడిచింది. తోళ్లు ఊరవేసే వాళ్ల లందను మాత్రం ఊరు దూరంగా పెట్టింది.

బట్టకు రంగు వేయడం వేరు, తోలుకు వేయడం వేరు. బట్టనైతే రంగునీళ్లలో వేసి తెర్లబెట్టొచ్చు. చెక్కతో పదును చేసిన తోలు దాదాపు 75, 80 డిగ్రీల వేడికే ముడుచుకుని గట్టిపడిపోతుంది. అందుకే రంగునీళ్లు చెయ్యి పెట్టగలిగినంత గోరువెచ్చగానే ఉండాలి. ఇంకో తేడా కూడా ఉంది. బట్ట తెల్లగా వచ్చి రంగు కోసం ఎదురుచూస్తుంది. తోలుకు సగం రంగు పదును పెట్టేటప్పుడే వచ్చేస్తుంది.

పచ్చితోలును నానబెట్టి, సున్నంలో వేసి, వెంట్రుకలు గీకి, సున్నం పోయేదాకా కడుగుతారు. ఆ తర్వాత దంచిన చెక్క వేసిన నీళ్లలో ఊరవేస్తారు. కొన్నిచోట్ల తోలునే సంచిలా కుట్టి, లోపల చెక్క నింపి, నీళ్లు పోసి వేలాడదీసేవారు. చెక్కలోని వగరు, అంటే టానిన్, తోలులోకి మెల్లగా దిగుతుంది. తుమ్మచెక్కతో ముదురు ఎరుపు కలిసిన గోధుమరంగు వస్తుంది. తంగేడు చెక్క లేత గోధుమరంగు ఇస్తుంది; కాకపోతే ఎండ తగిలితే ఎర్రబారుతుంది. దానికి విరుగుడు కరక్కాయ. తంగేడుతో పదునైన తోలును చివర్లో కరక్కాయ నీళ్లలో ముంచితే ఎర్రబారడం తగ్గుతుంది. మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు ఎగుమతై ‘ఈస్ట్ ఇండియా’ తోళ్లుగా పేరుపడ్డ సరుకు వెనక ఉన్నవి ఈ తంగేడు, కరక్కాయలే.

కరక్కాయ కోసం మనం దూరం పోనక్కరలేదు. భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ వైపు అడవుల్లో, మహబూబాబాద్ జిల్లా గూడూరు, కొత్తగూడ వైపు దొరుకుతుంది. ఎండిన కాయ బరువులో దాదాపు మూడో వంతు టానినే. గింజ తీసేసి, పెచ్చు దంచి, రాత్రంతా నానబెట్టి వడగడితే చాలు.

ఇక నలుపు. తుప్పు పట్టిన మేకులు, గుర్రపు నాడాలు, బెల్లం, నీళ్లు కలిపి కొన్నాళ్లు పులియబెడితే ఇనుపనీళ్లు తయారవుతాయి. కలంకారీ వాళ్లు నల్లగీతకు వాడేది కూడా ఇదే. ముందు తోలుకు కరక్కాయ నీళ్లు పట్టించి, అది ఆరకముందే ఇనుపనీళ్లలో ముంచిన గుడ్డతో తుడవండి. లేత గోధుమరంగు తోలు చూస్తుండగానే బూడిదరంగుకు తిరుగుతుంది, తర్వాత ఊదా కలిసిన నలుపుకు. పైన రంగు పూసినట్టు ఉండదు, తోలే నల్లబడుతుంది. వెంటనే మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, ఆముదం పట్టించాలి. నలుపు చాలలేదని ఇనుపనీళ్లు మళ్లీ మళ్లీ రుద్దితే మాత్రం, కొన్నేళ్లకు ఆ తోలు పెళుసెక్కి పగులుతుంది.

పసుపు, మోదుగుపూల సంగతి అడుగుతారేమో. కాముని పున్నమికి మోదుగుపూల రంగు ఎంత బాగుంటుందో మనకు తెలుసు. పటిక కలిపితే తోలుకూ పడుతుంది. ఎండలో తిరిగే చెప్పుకు మాత్రం ఆ రంగును నమ్మొద్దు. పసుపు ఇంకా తొందరగా వెలిసిపోతుంది, సున్నం తగిలితే ఎర్రబడుతుంది కూడా. నన్నడిగితే తోలుకు చెట్లు ఇచ్చే నిఖార్సైన రంగులు గోధుమ, నలుపు. మిగతావి పెట్టె అట్టకు, పుస్తకం అట్టకు సరిపోతాయి.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? ఇవాళ ప్రపంచంలో ఎక్కువ తోలు క్రోమియం లవణాలతో పదునవుతుంది. వారాల పని ఒక్కరోజులో ముగుస్తుంది. ఆ పనిలో వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయన్నదే చిక్కు. వేలూరు తోళ్ల కర్మాగారాలు పాలారు నదిని పాడుచేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. రసాయన రంగులతోనూ చిక్కే: వాటిలో కొన్ని ఆజో రంగులను జర్మనీ 1994లో నిషేధించింది, మన దేశం 1997లో ఆ దారి పట్టింది. తోళ్ల పనిని శాస్త్రంగా చూసినవారూ మనలో ఉన్నారు. మద్రాసులో 1948లో ఏర్పడిన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు మన తెనాలి ప్రాంతపు యలవర్రు బిడ్డ యలవర్తి నాయుడమ్మ 1958లో డైరెక్టరయ్యారు. లందలో చేసే పని కూడా రసాయన శాస్త్రమేనని చెప్పడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

చెట్టు రంగు అనగానే చెట్టుకు మేలు జరిగినట్టు కాదు. తుమ్మ మాను చుట్టూ చెక్క ఒలిస్తే చెట్టు చస్తుంది. నరికిన కొమ్మల చెక్కే తీసుకోవాలి. తంగేడు కొడితే మళ్లీ చిగురిస్తుంది. కరక్కాయకైతే ఆ బెడదే లేదు, రాలిన కాయ ఏరుకుంటే చాలు.

‘సహజ రంగు’ అని రాసిన సంచీ, చెప్పులు ఇప్పుడు అంగళ్లలో కనిపిస్తున్నాయి. క్రోమియంతో పదునైన తోలుకు పైన కరక్కాయ రంగు పూసినా ఆ చీటీ అంటించొచ్చు. కాబట్టి కొనే ముందు రంగు సంగతి తర్వాత, తోలును చెక్కతో పదును చేశారా, క్రోమియంతోనా అని అడగండి.