పనికి చేరే దారి లేని నగరం
(సదస్సు ప్రసంగ పాఠం)



హైదరాబాదుకు పెట్టుబడులు రావాలి, మన పిల్లలకు ఉద్యోగాలు దొరకాలి. ఇందులో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. అయితే 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి కొత్త ఉద్యోగాలు ప్రధానంగా నగరపు పడమటి దిక్కునే పోగుపడ్డాయి. మూసీకి దక్షిణాన ఉన్నవారికి అవి అందాలంటే ముందు అక్కడికి చేరే దారి ఉండాలి.

2017 నవంబరులో మెట్రో మొదలైంది. ఫలక్‌నుమా దాకా సాగవలసిన మార్గం 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకు వచ్చి ఆగిపోయింది. మిగిలింది సుమారు అయిదున్నర కిలోమీటర్లే. దానికి 2024 మార్చిలో గాని శంకుస్థాపన జరగలేదు. ఈ ఆలస్యానికి మూల్యం చెల్లించినది ఎవరు? డిగ్రీ చదివిన ఆడపిల్లకు ఉద్యోగం దొరికినా, రెండు బస్సులు మారి చీకటిపడ్డాక ఇల్లు చేరవలసి వస్తే కన్నవారు వెనకాడుతారు. దానిని మన ఆచారం ఖాతాలో వేయడం లోకానికి సులువు. దారి లేదన్న మాట మాత్రం ఏ నివేదికలోనూ ముందుకు రాదు.

మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేయక తప్పదని మేమూ ఒప్పుకుంటాము. కాని పరిహారం యజమానితో ఆగిపోకూడదు. మూడేళ్లుగా ఆ స్థలం మీదే ప్రధాన జీవనాధారం ఉన్న కుటుంబాన్ని కూడా 2013 నాటి భూసేకరణ చట్టం బాధిత కుటుంబంగానే గుర్తిస్తున్నది. అద్దె దుకాణదారుకు, అందులో పనిచేసేవారికి ఈ సంగతి తెలియజెప్పడం మన బాధ్యత.

ముస్లిములలో స్వయం ఉపాధిపై బతికేవారు ఎక్కువని 2006లో సచార్ కమిటీ తేల్చింది. తోపుడు బండి కూడా ఉద్యోగమే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం నలభై శాతం సభ్యులు వ్యాపారుల ప్రతినిధులే కావాలి, వారిలో మైనారిటీలకు తగిన స్థానం ఉండాలి. ఆ స్థానాలను అడిగి తీసుకోవాలి.

1908 వరద తర్వాత ఈ నగరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్నది. 2020 అక్టోబరులో గుర్రం చెరువు తెగి హఫీజ్‌బాబానగర్ ఇళ్లలోకి నీరు చేరింది. చెరువు భూమిని అమ్మినవారిలో, తెలిసీ కొన్నవారిలో మనవాళ్లు లేరని గుండెమీద చేయి వేసుకుని చెప్పగలమా? ప్రభుత్వాన్ని నిలదీసే హక్కు మనకు ఉంది. ఆ హక్కుకు బలం రావాలంటే చెరువు శిఖం భూమిలో ఇల్లు కొనబోమన్న మాట ముందు మన మొహల్లాలలో వినిపించాలి.

మేము కోరుతున్నది ప్రత్యేక కానుక కాదు. మెట్రో పని త్వరగా పూర్తికావాలి, వరద కాలువలు బాగుపడాలి, బండి పెట్టుకునేవారికి గుర్తింపు పత్రం దక్కాలి. సగం నగరాన్ని గుమ్మం బయట నిలబెట్టి వచ్చే సంపద ఎంతో కాలం నిలువదు.