పాము కాటుకు మందు దవాఖానలో ఉంది

(ఇబ్రహీంపట్నం మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం సభ్యురాలు చేసిన ప్రసంగం)



పొద్దటి నుంచి పొదుపులు, బ్యాంకు లింకేజీ, వసూళ్ల లెక్కలే విన్నం. నాకు ఇచ్చింది పది నిమిషాలు. పాముల గురించి మాట్లాడుత అంటే మా వీవోఏ చెల్లె "గిదేం ముచ్చటక్కా" అని నవ్వింది. ఈ సభలో పామును చూడనోళ్లు ఎవరన్నా ఉంటే చెయ్యి ఎత్తండి. చూసిండ్రా, ఒక్క చెయ్యి లేవలే.

మా వదిన సంగతి చెప్త. ఇరవై ఏండ్లు దాటింది. వానకాలం, ఉక్కగా ఉందని కింద చాప ఏసుకొని పిల్లలతోటి పండుకుంది. నడిరాత్రి మెడ దగ్గర ఏదో చిటుక్కుమన్నదట. చీమ అనుకొని అటు తిరిగి పండింది. తెల్లారుజామున కడుపునొప్పి అన్నది. రాత్రి తిన్నది పడలేదని వాము నీళ్లు తాపినం. కాసేపటికి కండ్ల రెప్పలు వాలుతున్నయి, మాట ముద్దముద్దగా వస్తున్నది. నిద్ర సాలలేదేమో అనుకున్నం. బొంత దులిపితే బయటపడ్డది కట్లపాము. అప్పుడన్నా దవాఖానకు పోయినమా? పక్క ఊర్లె మంత్రం ఏసే ఆయన దగ్గరికి తీస్కపోయినం. దారం కట్టిండు, పసరు పోసిండు. రెండు గంటలు అక్కడనే గడిచినయి. జీపు దొరికి పట్నం దారి పట్టేసరికి ఊపిరి ఆగింది. ఇద్దరు పిల్లలను మా అమ్మ సాదింది. ఆయనను తిట్టి ఏం లాభం, తీస్కపోయింది మేమే.

కట్లపాము కాటు అట్లనే ఉంటది. నొప్పి పెద్దగ ఉండదు, వాపు రాదు, గాటు గూడ సరిగ్గ కనపడదు. విషం నరాల మీద పనిచేసి, ఊపిరి పీల్చే కండరాలను పడగొడతది. వానకాలంలో కింద పండుకున్న మనిషి తెల్లారి కడుపునొప్పి అంటూ రెప్పలు వాల్చితే, పాము కనపడకపోయినా కాటే అనుకొని ఉరకాలె. మంచం ఉంటే మంచం మీద పండుకోండి. లేకుంటే దోమతెర కట్టి, అంచులు చాప కిందికి మడవండి. ఇది దోమలకే కాదు, పాముకూ అడ్డం.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయిండ్రని పరిశోధకులు లెక్క కట్టిండ్రు. అంటే ఏడాదికి సుమారు 58,000 మంది. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబర్ లోపల్నే. అంటే మనం నాట్లేసే, కలుపు తీసే రోజులు.

ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. రక్తపింజర కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడతది. చిన్న పింజర ఒళ్లు రాసుకుంటూ రంపం కోసినట్టు చప్పుడు చేస్తది. ఈ రెండింటి విషంతో రక్తం గడ్డకట్టదు. కొండచిలువకు విషం లేదు, అది చుట్టేసి గట్టిగ బిగించి చంపుతది. కోళ్లకు, మేకపిల్లలకు భయం గాని మనకు కాదు. జెర్రిపోతుకూ విషం లేదు, మన వడ్లు తినే ఎలుకలను తింటది. అది బర్రె పొదుగు పీకుతదని మా అత్త ఇప్పటికీ అంటది, నేను వాదించుడు మానేసిన.

మరి మంత్రంతో బతికినోళ్లు లేరా అని అడుగుతరు. ఉన్నరు. కరిచిన వాటిల ఎక్కువ శాతం విషం లేనివే. విషప్పాము గూడ ఒక్కోసారి ఉత్తగనే కరిచి, విషం దింపదు. అసోంటోళ్లు మంత్రం ఏసినా బతుకుతరు, ఎయ్యకున్నా బతుకుతరు. నిజంగ విషం ఎక్కినోళ్లకు మాత్రం గంటలు పోతయి.

విషానికి విరుగుడు ఒక్కటే, యాంటీ వెనమ్ సూది. తమిళనాడులో ఇరుల తెగోళ్లు 1978ల మన లెక్కనే సంఘం పెట్టుకున్నరు. పామును పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతరు. వాళ్లల్ల ఇద్దరికి 2023ల పద్మశ్రీ వచ్చింది. ఆ విషాన్ని కొంచెం కొంచెం గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు తీస్తరు. ఒకే మందు ఆ నాలుగు పాములకూ పనిచేస్తది. అందుకే పామును చంపి సంచిలో ఏసుకొని దవాఖానకు పోవుడు అక్కర్లేదు, దాని ఎనుక పడితే ఇంకొకరు కాటు తింటరు. ఇంకో సంగతి, పసిపిల్లకైనా పెద్దమనిషికైనా మందు మోతాదు ఒక్కటే. పాము చిన్నపిల్లని విషం తక్కువ దింపదు గద.

పోయిన వానకాలం మా సంఘం సభ్యురాలు పిడకల కుప్పలో చెయ్యి పెట్టింది, రక్తపింజర కరిచింది. ఆమె తోడికోడలు మన మీటింగులో విన్నది మరిచిపోలే. ముందుగాల గాజులు, ఉంగరం తీసేసింది, చెయ్యి వాస్తే అవి కోసుకపోతయి. కాలికైతే మట్టెలు, పట్టీలు తియ్యాలె. బిగ్గరగా తాడు కట్టలే, బ్లేడు పెట్టలే, నోటితో పీల్చలే. చెయ్యికి కట్టె ఆసరా పెట్టి, కదలకుండ బట్ట చుట్టి, నడవనియ్యకుండ 108కు ఫోన్ చేసింది. దవాఖానలో రక్తం గాజు గొట్టంలో ఏసి 20 నిమిషాలు కదిలించకుండ పెట్టిండ్రు. గడ్డకట్టలే. వెంటనే మందు ఎక్కించిండ్రు. ఇగో, మూడో వరుసలో కూసున్నది. వేలు ఒకటి సరిగ్గ వంగదు, అంతే.

ఆఖరికి పైసల ముచ్చట. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కోసే ప్రధానమంత్రి సురక్షా బీమాలో పాముకాటు చావుకు 2 లక్షలు వస్తయి. 18 నుంచి 70 ఏండ్ల లోపు వాళ్లకు. కానీ కాటు పడంగనే దవాఖానలో చూపించిన కాగితం ఉండాలె. మంత్రగాడు కాగితం రాసియ్యడు. బీమా ఏడాది జూన్ 1న మొదలైతది. మే నెలాఖరుకు ప్రతి సభ్యురాలి ఖాతాలో ఆ 20 రూపాయలు ఉన్నయో లేవో చూసే పని లీడర్లది. ఈ మాటను ఇయ్యాల్నే తీర్మానాల పుస్తకంలో రాయాలని అధ్యక్షురాలిని అడుగుతున్న. రాసినంక నేను సంతకం పెట్టి కూసుంట.