పది గుంటలు అడవికి



సూర్యాపేట జిల్లా మోతె మండలంలో రాఘవాపురం ఉంది. దుశ్చర్ల సత్యనారాయణ గారు అక్కడ తాతల నాటి భూమిలో దాదాపు 70 ఎకరాల అడవిని పెంచారు. బ్యాంకు ఉద్యోగం వదిలి, జలసాధన సమితి పెట్టి, నల్లగొండ ఫ్లోరైడ్ బాధితుల కోసం కొట్లాడిన మనిషి ఆయన. ఆ అడవిలో కాసిన పండ్లు పిట్టలకు, జంతువులకే.

ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ 1978లో పుస్తకంగా తెచ్చిన పర్మాకల్చర్ అనే సాగు పద్ధతిలో భూమిని జోన్లుగా చూస్తారు. రోజూ చేయి పడే కూరపాదులు ఇంటి పక్కనే. దూరం పెరిగేకొద్దీ మన పని తగ్గుతుంది. చివరిదైన అయిదో జోన్‌ను ముట్టుకోరు. నా లెక్కలో ఈ జిల్లాకంతటికీ అయిదో జోన్ రాఘవాపురమే.

చదువు ముగించి పట్టాలందుకున్న మీరు రేపు ఏ చెలకకు ప్లాను గీసినా మొదటి గీత నీళ్లది కావాలి. ఎకరంలో ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే 40 వేల లీటర్లు. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో కందకం తీయించండి. తవ్విన మన్ను దిగువన కట్టగా పోసి, దాని మీద కంది, మునగ, సీతాఫలం పెట్టించండి. ఎక్కువైన నీళ్లు కుంటలోకి పోయేలా అలుగు తప్పనిసరి. అలుగు లేని కట్ట తెగి, పైమన్నును కూడా తీసుకుపోతుంది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో కాకతీయుల నాడు గుళ్లు కట్టించిన రేచర్ల పాలకులు చెరువులూ తవ్వించారు. ఈ నేలకు నీళ్లు నిలపడం కొత్త విద్య కాదు.

కోదాడ, మిర్యాలగూడ నుంచి వచ్చిన వాళ్లు ‘మాకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఉంది కదా’ అనుకోవచ్చు. ఉంది. కాలువ రాని ఏడాది, ఒక్క వరినే నమ్ముకున్న ఆ పొలంలో ఏం మిగులుతుంది? ఆయకట్టు గట్ల మీద చెట్లు మళ్లీ లేవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

చూసి నేర్చుకోవాలంటే జహీరాబాద్ దగ్గరి బిడకన్నెకు వెళ్లండి. కొప్పుల నర్సన్న, పద్మ దంపతుల ‘అరణ్య’ సంస్థ తోట అక్కడే ఉంది. 2017 అంతర్జాతీయ పర్మాకల్చర్ సమ్మేళనానికి దేశదేశాల వాళ్లు అక్కడికే వచ్చారు.

ప్లాను గీసే ముందు ఒక వానాకాలం ఆ చెలకలో నడవండి. నీళ్లు ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో రైతునడిగి రాసుకోండి. అయిదెకరాలున్న రైతును పది గుంటలు అడవికి వదలమని అడగండి. ఒప్పుకోకపోతే మరుసటి ఏడాది మళ్లీ వెళ్లి అడగండి.